మధ్యాహ్నం పోయే నెట్

రౌటర్ కింద పరిచిన తడిగుడ్డ అప్పుడే ఆరిపోయింది. లక్ష్మీదుర్గ దాన్ని తీసి సింకులో మళ్ళీ తడిపి, నీళ్ళు కారకుండా గట్టిగా పిండి, మడతలు పెట్టి మళ్ళీ అక్కడే వేసింది. టేబుల్ ఫ్యాను దాని వైపు తిప్పింది. "ఇక్కడి ఎండకి మనుషులే ఆగట్లేదు, ఆ పెట్టేం ఆగుద్ది? మధ్యాహ్నం వేడెక్కి నెట్ పోద్ది. కాస్త చల్లబరుస్తా ఉండు" అని మొగుడు రమేష్‌బాబు చెప్పిన దగ్గర్నుంచీ ఈ పని కూడా ఆమె నెత్తిన పడింది. అంట్లు, బట్టలు, అహ్మదిలో కంపెనీ డ్యూటీ చేసొచ్చిన ఆయన యూనిఫాంకి అంటిన నూనె మరకలు, వాటితోపాటు ఇప్పుడు పెట్టెకి సేవ. చంటిపిల్లకి జ్వరమొస్తే ఎంత చేస్తారో అంతా చేసేది. అయినా మధ్యాహ్నమయ్యేసరికి ఆ నెట్ పోనే పోయేది.

కువైట్‌లో, ఈ ఫహాహీల్‌లో ఆ ఫ్లాట్‌కి వచ్చి ఏడాది దాటింది. వచ్చినప్పట్నుంచీ ఆమెకి ఒకటే గుబులు, ఈ ఇంట్లో తను ఒక్కతే లేదని. ముందు అద్దెకున్న మలయాళీ ఆవిడ తాలూకు బొట్టుబిళ్ళలు బాత్రూం అద్దానికి ఇంకా అంటుకునే ఉన్నాయి. ఆవిడ ఉన్నట్టుండి ఊరెళ్ళిపోయిందట, ఎందుకో ఎవరికీ తెలీదు. కిటికీ బయట తెల్లటి ఎండ, దుమ్ము, మనిషి అలికిడి లేని రోడ్డు. వంటింట్లో నిలబడితే వెనక ఎవరో వచ్చి నిలబడ్డట్టు వీపు చల్లబడేది. తిరిగి చూస్తే ఎవరుంటారు, నా మొహం! సాయంత్రం రమేష్‌బాబు వచ్చి బూట్లు విప్పుతూ, "ఏం, ఇవాళ వంట లేటుగా మొదలెట్టావా? పదకొండు దాకా ఫోన్లోనే ఉన్నట్టున్నావు" అనేవాడు. ఇంకోరోజు, "తెల్లారుజామునే లేచావేం, నిద్ర పట్టలేదా?" అనేవాడు. ఆయన అప్పటికే కంపెనీ బస్సెక్కి వెళ్ళిపోయి ఉంటాడు కదా, ఎలా తెలిసింది? అడిగితే నవ్వేవాడు. "మొగుణ్ణి, నాకు తెలీకుండా ఉంటదా" అనేవాడు. గోడలు ఆయనకి చాడీలు చెబుతున్నాయేమోనని, పిచ్చిదానిలా ఒకట్రెండుసార్లు గోడ మీద చెయ్యి వేసి చూసింది కూడా. భయంగా ఉందండీ అని చెప్పుకుంటే, దేవుడి దగ్గర దీపం ఆరిపోకుండా చూసుకోమన్నాడు.

పెళ్ళికి ముందు కాకినాడలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసింది లక్ష్మీదుర్గ. సూది గుచ్చితే పిల్లలు కూడా ఏడ్చేవాళ్ళు కాదు, అంత చెయ్యి. ఇక్కడి క్లినిక్ ఒకటి టెక్నీషియన్ కావాలంటే అప్లై చేసింది. రమేష్‌బాబు కాదనలేదు సుమండీ. "చెయ్యి, నేనొద్దన్నానా? ఉద్యోగమొస్తే వీసా సంగతి అప్పుడు చూద్దాం" అన్నాడు. బహ్రెయిన్‌లో ఉండే ఓనరు స్కైప్‌లో మాట్లాడతానన్నాడు. ఆ రోజు మధ్యాహ్నం పట్టుచీర కట్టుకుని, జడ వేసుకుని, ఫోన్‌ని బియ్యం డబ్బాకి ఆనించి కూర్చుంది. పేరు చెప్పింది, చదువు చెప్పింది. అనుభవం గురించి చెప్పబోతుంటే ఆయన మొహం తెర మీద బిగుసుకుపోయింది. నెట్ పోయింది. ఆమె ఫోన్‌లో మాట్లాడుకోడానికి తప్ప ఇంటర్నెట్‌కి రీచార్జ్ ఉండదు, ఇంట్లో వైఫై ఉండగా అదెందుకని రమేష్‌బాబు వేయించడు. గుడ్డ తడిపింది, ఫ్యాను పెట్టింది, పెట్టె ఆపి మళ్ళీ వేసింది, ఆఖరికి కళ్ళనీళ్ళతో దానికి దణ్ణం కూడా పెట్టింది. సాయంత్రం ఆయన వచ్చి, తల నిమిరి, "నీ రాతే అంతేనే, ఏం చేస్తాం" అన్నాడు. నిజమే కామోసు అనుకుంది.

క్లినిక్ వాళ్ళు మంచివాళ్ళు, ఇంకోసారి మాట్లాడతామన్నారు. రేపు ఉదయం పదింటికి. ఇదీ పోతే ఇంక పిలవరు. ఆ దిగులుతోనే ఇవాళ గుడ్డ మార్చి కూర్చుంటే పక్క ఫ్లాట్ బేబి వచ్చింది. బేబిది రాజోలు. ఆ బిల్డింగులో ఎవరూ సొంతానికి కనెక్షన్ పెట్టుకోరు. రెండు మూడు ఇళ్ళవాళ్ళు కలిసి ఒక రౌటర్ వాడుకుంటారు. బేబి వాళ్ళదీ వీళ్ళదీ ఒకటే, పెట్టె మాత్రం లక్ష్మీదుర్గ ఇంట్లో ఉంటుంది. బేబి ఫోన్లో ఏదో వంటల వీడియో చూసుకుంటూ, నవ్వుకుంటూ వచ్చి సోఫాలో కూలబడింది.

లక్ష్మీదుర్గ ఆ ఫోన్ వైపు చూసింది. వీడియో ఆగకుండా నడుస్తోంది. తన ఫోన్ తీసి చూసింది. నెట్ లేదు.

"నీకు వస్తోందా?" అంది.

"అదేంటక్కా, నాకెప్పుడూ సుబ్బరంగానే వస్తాదిగా" అంది బేబి.

"మధ్యాహ్నం కూడానా?"

"మధ్యాహ్నమేగా నేను చూసేది."

బేబికి ఏమీ అర్థం కాలేదు, పాపం. లక్ష్మీదుర్గ మాత్రం లేచి పెట్టె చేతిలోకి తీసుకుని, దీని లోపల ఏముందో చూడ్డం ఎలాగని అడిగింది. వాళ్ళాయన రౌటర్ సెట్టింగులు ఎలా తెరుస్తాడో ఒకసారి చూశానంది బేబి. పెట్టె వెనక రాసున్న అంకెలు ఫోన్లో కొడితే పేజీ వస్తుందట. బేబి ఫోన్లోనే కొడితే వచ్చింది. పాస్‌వర్డ్ అడిగింది. పెట్టె మీదున్నది కొడితే తప్పంది. లక్ష్మీదుర్గ రెండోసారి ఆలోచించలేదు, అమలాపురంలో రమేష్‌బాబు నడిపిన బండి నంబరు కొట్టింది. ఆయన బ్యాంకు పనులూ, ఇక్కడ ఉండటానికిచ్చే ఇఖామా కార్డు రెన్యువల్ ఫారాలూ అన్నీ ఆన్‌లైన్‌లో నింపేది లక్ష్మీదుర్గే మరి, అన్నిటికీ ఆయన పెట్టేది అదే నంబరు. పేజీ తలుపు తీసినట్టు తెరుచుకుంది.

ఏ ఫోన్ ఎప్పుడు కలిసిందో, ఎప్పుడు విడిపోయిందో అన్నీ ఉన్నాయక్కడ. తను తెల్లారుజామున లేచిన రోజూ, పదకొండు దాకా ఫోన్లో ఉన్న రోజూ అందులో కనిపించాయి, డ్యూటీ నుంచి ఆయన చూసేది ఇదన్నమాట. బేబి ఫోన్‌కి అడ్డు లేదు. ఆయన ఫోన్‌కి లేదు. టీవీకి కూడా లేదు. లక్ష్మీదుర్గ ఫోన్ ఒక్కదానికే రోజూ మధ్యాహ్నం నెట్ ఆగిపోయేలా టైం పెట్టి ఉంది. దాని కింద ఇంకోటి, కొత్తగా పెట్టింది: రేపు ఉదయం పది నుంచి పన్నెండు దాకా.

నిన్న రాత్రి అన్నం తింటూ ఆయన అన్న మాట చెవిలో వినబడింది. "ఈసారైనా తడబడకుండా మాట్లాడు." అని చేతులు కడుక్కుని, ఫోన్ పట్టుకుని పడగ్గదిలోకి వెళ్ళాడు.

బేబి ఎప్పుడు వెళ్ళిపోయిందో ఆమెకి తెలీదు. ఏడాదిగా ఈ ఇంట్లో ఎవరో ఉన్నారని వణికిపోయింది, ఎవరూ లేరు. ఆ మలయాళీ ఆవిడ ఏ పాపమూ ఎరగదు. వీపు వెనక నిలబడ్డది తాళి కట్టినవాడే. నెట్ ఆపినందుకు కూడా ఆమెకి అంత మంట లేదు. శుక్రవారాలు ఆయన ఇంట్లో ఉన్నప్పుడు ఆమె గుడ్డ తడిపి తెచ్చి వేస్తుంటే, మంచం మీద పడుకుని చూస్తూ, "ఇంకొంచెం తడిగా ఉండాలే" అనేవాడు. అన్నీ తెలిసి అలా అన్నాడు! ఛీ, అనుకుంది. అన్నం పెట్టిన చేతులు చూసుకుంటే ఏడుపొచ్చింది, ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని, బేబి దగ్గరికి వెళ్ళి ఫోన్ అడిగి తెచ్చుకుంది. తన ఫోన్‌కి పెట్టిన అడ్డులన్నీ తీసేసింది. ఆయన ఫోన్ పేరు మీద వేలు కాసేపు ఆగింది. ఒక్క నొక్కు చాలు. ఆయన చూసినట్టే తనూ చూస్తూ కూర్చోవచ్చు. తనకొద్దనుకుని వేలు వెనక్కి తీసుకుంది. పేజీ పాస్‌వర్డ్ మాత్రం మార్చేసింది.

రాత్రి చేపల పులుసు వడ్డించింది. రమేష్‌బాబు ఎడమచేత్తో ఫోన్ నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. మూడోసారి నొక్కి, తలెత్తి ఆమెని చూశాడు. పాస్‌వర్డ్ ఏమైందని అడగాలంటే, ఏం చేయడానికి అడుగుతున్నాడో ముందు చెప్పాలి. అడిగితే అన్నీ మొహం మీదే కడిగేద్దామని ఆమె కాచుకుని కూర్చుంది. ఆయన అడగలేదు. పెరుగు అడిగాడు.

పెరుగు వేసి చెప్పింది. "రేపు పదింటికి నెట్ పోదండి."

ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది. "ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నేనే చూశాను."

ఆయన అన్నం వదిలేసి లేచి వెళ్ళి, చీకట్లో మంచం మీద కూర్చున్నాడు. లక్ష్మీదుర్గ కంచం తియ్యలేదు. హాల్లో చాప పరుచుకుని, రేపు చెప్పాల్సినవి మొదట్నుంచీ మనసులో చెప్పుకోసాగింది. ఉద్యోగం రావచ్చు, రాకపోవచ్చు. పోతే పోయింది, ఈసారి పోయినా నా వల్లే పోవాలి అనుకుంది.