పదకొండు సున్నపు చుక్కలు

చెట్టు కొమ్మలు నరికించింది వాసుదేవరావు. నరికింది సూర్యారావు. అతని పెళ్ళాం తులసమ్మ పోయింది ఆ దిగులుతోనే. ఈ మూడింటిలో దేనికీ సాక్ష్యం అక్కర్లేదు.

ఆ రోజు సూర్యారావు భిలాయ్‌లో సుపేలా రోడ్డు పక్కన కరెంటు తీగలకి తగులుతున్న కొమ్మలు కొడుతున్నాడు. వానలకి ముందు ఏటా ఉండే పనే. అరవై మూడేళ్ళ మనిషి. నడుముకి తాడు, చేతిలో కత్తి. తాడు కింద చర్మం చెమటకి ఒరుసుకుపోయి మండుతోంది. కింద నుంచి, ఆ పని గుత్తకి తీసుకున్న ఠేకేదారు మనిషి కేకేశాడు.

"దాదా, ఉతర్ ఆవో, దిగు. వాసుదేవరావు సాబ్ నీ ఇంటికి వస్తున్నారట. జల్దీ పో."

"మరి కూలి?"

"సగం పనికి సగమే ఇస్తారు. ఆమాత్రం తెలీదా?"

సగం కూలి పోగొట్టుకుని, సైకిలు తొక్కుకుంటూ రుఆబాంధా చివరనున్న తన గదికి చేరేసరికి వాకిట్లో కారు ఆగి ఉంది. వాసుదేవరావు ఉక్కు ప్లాంటులో పెద్ద ఆఫీసరుగా రిటైరయ్యాడు. ఇప్పుడు పక్షిప్రేమికుల సంఘానికి అధ్యక్షుడు. మెడలో దుర్భిణి వేలాడుతోంది.

"ఏం సూర్యారావూ, బాగా ముసలాడివైపోయావే."

"తమరు అలాగే ఉన్నారు బాబూ. సెట్టెక్కనోలకి వొయసు తెలీదు."

పక్కనున్న అమ్మాయి ముందుకొచ్చి నమస్కారం పెట్టింది.

"బాబాయ్, నేను రజనీకుమారిని. సెక్టర్ 4 లో మా క్వార్టర్లో తులసమ్మ పిన్ని పని చేసేది కదా. నా తెలుగు థోడా కచ్చా, నవ్వకండి. నాకు పిట్టలన్నీ నేర్పింది పిన్నే. వానకోకిల అరిస్తే పిడకలు లోపల పెట్టాలి, తోకాడించే పిట్ట నేల మీద కనపడితే దుప్పట్లు బయటికి తియ్యాలి. అలా చెప్పేది."

"సెప్పీది," అన్నాడు సూర్యారావు. ఆమె గురించి ఇంకొకరి నోట విని చాలా ఏళ్ళయింది.

"ఇక్కడ ఏ పిట్ట ఏ నెలలో వస్తుందో సంఘం తరఫున పుస్తకం వేస్తున్నాం. పిన్ని తలుపు మీద చుక్కలు పెట్టేదట కదా. చూడొచ్చా?"

అతను తాళం తీసి, వాళ్ళని లోపలికి రానిచ్చి, తలుపు దగ్గరగా వేశాడు. చుక్కలు లోపలివైపున్నాయి.

ఏరువాక పున్నమి వెళ్ళిన మర్నాటి నుంచి తులసమ్మ రోజుకో సున్నపు చుక్క పెట్టేది. మొదటి నత్తకొంగ కనపడిన రోజున చుక్కలు ఆపి, చివర పసుపు బొట్టు పెట్టేది. ఏడాదికో వరస. నత్తకొంగంటే, ముక్కు మూసినా మధ్యలో సందుండే బూడిదరంగు కొంగ. తొలకరికి వచ్చి గూళ్ళు కట్టుకుంటుంది, కార్తీకంలో పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోతుంది. టెక్కలి వైపు తులసమ్మ పుట్టిన ఊళ్ళో వాటిని పురిటికొచ్చిన ఆడపిల్లలంటారు. అవున్నన్నాళ్ళూ అక్కడ చెట్టు మీద కత్తి పడదు, పెళ్ళికి కూడా టపాకాయ కాల్చరు. కాపురానికి భిలాయ్ వచ్చి, వాసుదేవరావు బంగ్లా ముందున్న నిద్రగన్నేరు మీద అవే కొంగల్ని చూసి, "నాకంటే ముందే నా ఊరు వచ్చీసినాది," అంది తులసమ్మ.

పదేళ్ళ కిందట శ్రావణంలో వాసుదేవరావు కొత్త కారు కొన్నాడు. దాని మీద రెట్టలు పడ్డాయి. ఒక ఆదివారం, కొమ్మలు కొట్టెయ్యమని సూర్యారావుకి కబురు పెట్టాడు. కాగితం లేదు, అనుమతి లేదు. మన వైపువాడివని చెబుతున్నానన్నాడు. సూర్యారావుకి ప్లాంటులో పని దొరికేలా గేటు పాసు ఇప్పించింది ఆయనే.

తులసమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"పురిటికొచ్చినోలని గెంటీస్తావేటి? కార్తీకం దాకా ఆగమను."

"పాసు పోతే కూడు నువ్వు పెడతావేటి?"

వెళ్ళి కొట్టాడు. నలభై గూళ్ళు. ఎగరడం రాని పిల్లలు కొమ్మలతో పాటు రోడ్డు మీద పడ్డాయి. తులసమ్మ పదిహేడింటిని తట్టలో ఏరుకొచ్చింది. చెరువుల వెంట తిరిగి నత్తలు తెచ్చి, రాతితో చితక్కొట్టి నోళ్ళలో పెట్టింది. తొమ్మిదో రోజుకి ఒక్కటీ మిగల్లేదు. తట్ట కడిగి బోర్లించింది. మొగుణ్ణి ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని అతను ఇప్పటికీ అనుకుంటాడు.

రజని వేలితో వరసలు లెక్కపెడుతోంది.

"ఈ రెండు వరసలూ తలుపు అంచు దాకా వెళ్ళిపోయాయి. చివర పసుపు లేదు. అంటే ఆ రెండేళ్ళూ రాలేదు. ఇదిగో, ఆఖరి వరస. పదకొండు చుక్కలు, పసుపు. ఫిర్ సే, మళ్ళీ వచ్చాయి."

వాసుదేవరావు వంగి చూశాడు. మొహం విప్పారింది.

"చూశావామ్మా? నేను ఆ బంగ్లా ఖాళీ చేశాక చూళ్ళేదు గానీ, కొమ్మలు కొట్టినా మూడో ఏటికి తిరిగొచ్చేశాయి. అందరూ నామీద పడి ఏడ్చారు అప్పట్లో. దీన్ని ఫోటో తియ్యి, మొదటి పేజీలో వేద్దాం. తులసమ్మ పేరు కూడా వేయిస్తాను సూర్యారావూ. పెద్ద అక్షరాలతో."

తులసమ్మ పేరు అచ్చులో. వేలిముద్ర వేసి జీతం తీసుకున్న మనిషి పేరు పుస్తకంలో. నోరు మూసుకుంటే చాలు, అయిపోతుంది. సూర్యారావు ఆ ఆఖరి పసుపు బొట్టు వైపు చూస్తూ నిలబడ్డాడు. రజని ఫోను ఎత్తింది.

"తియ్యకమ్మా," అన్నాడు. "అది దాని వరస కాదు. నాను పెట్టినాను."

ఫోను ఆగింది.

"అప్పటికి దానికి లెగిసే ఓపిక నేదు. మంచం మీంచి రోజూ అడిగీది, వచ్చినాయా అని. నేదనీవోణ్ణి, సుక్క పెట్టీవోణ్ణి. పదకొండో రోజు పొద్దున్న ఊపిరాడతా నేదు. అప్పుడూ అదే అడిగినాది. వచ్చినాయన్నాను. ఎన్ని అన్నాది. శానా అన్నాను. మరి పసుపెట్టు అన్నాది. అది సూస్తుండగానే పెట్టినాను. నమ్మినాదో నేదో తెలీదు. మజ్జానానికి పోయినాది."

రజని ఫోను కిందికి దించింది.

"ఒక్క కొంగా రానేదు. ఇయ్యాల్టికీ రానేదు. కొట్టించింది ఈ బాబు. కొట్టింది నాను. అబద్దం ఆడింది నాను. రాస్తే ఇది రాయి. నేకపోతే దాని పేరు ఎయ్యొద్దు."

వాసుదేవరావు దుర్భిణి సర్దుకున్నాడు.

"ఎండదెబ్బ తగిలినట్టుంది నీకు. ఈ వయసులో చెట్లెక్కడం మంచిది కాదు. ఠేకేదారుతో నేను మాట్లాడతాను."

"మాట్లాడండి బాబూ."

ఆయన వెళ్ళి కారులో కూర్చున్నాడు. రజని గుమ్మం దిగి, ఆగి వెనక్కి తిరిగింది. కళ్ళు తుడుచుకుంది.

"బాబాయ్, ఇప్పుడు చెప్పింది ఇంకొక్కసారి చెప్తారా? రికార్డు చేస్తాను. ఆయన లేనప్పుడు వస్తాను. అందరికీ తెలియాలి."

"సెప్పీసినాను."

"పిన్ని కోసం."

"దాని ముందర అబద్దం ఆడినాను. దాని తలుపు ముందర నిజం సెప్పీసినాను. మరి నేదు."

తలుపు మూసి గడియ పెట్టాడు. బయట కారు హారను రెండుసార్లు మోగింది. ఆ అమ్మాయి ఇంకా కదల్లేదని తలుపు సందులో నీడ చెబుతోంది. చుక్కల మీద చెయ్యి తగలకుండా తలుపుకి ఎడంగా నిలబడి సూర్యారావు అన్నాడు.

"ఎల్లమ్మా. నువ్వడిగినా సెప్పను. ఎవులడిగినా సెప్పను. ఇంకెప్పుడూ సెప్పను."