అమ్మ విగ్గు, కూతురి స్కార్ఫు

తలకు గుడ్డ చుట్టుకుని ఎవరైనా పార్లర్లోకి అడుగుపెట్టారంటే, ఇంట్లో సొంతంగా రంగు వేసుకుని కొంప ముంచుకున్నారన్నమాటే. పార్లరమ్మ లెక్క అది. ఇన్నేళ్ళ పనిలో ఆ లెక్క తప్పింది లేదు. నల్లరంగు వేసుకోబోయి వంకాయరంగు తెచ్చుకున్నవాళ్ళు, అక్కడక్కడా పసుపు మచ్చలు మిగుల్చుకున్నవాళ్ళు, అందరూ అలాగే దొంగల్లా వచ్చి కుర్చీలో కూలబడేవాళ్ళు. ఆవిడ ఏమీ అడిగేది కాదు. వెనకనుంచి వచ్చి ఆ గుడ్డ ఒక్క లాగు లాగి, "నీ దుంప తెగ, ఏం చేసుకున్నావే ఇది!" అని పకపకా నవ్వేది. ఆ నవ్వుతోనే వాళ్ళకు సగం బెంగ తీరిపోయేది.

అందుకే ఒక మధ్యాహ్నం కూతురు తలకు లేతనీలం స్కార్ఫు చుట్టుకుని వచ్చినప్పుడు కూడా ఆవిడ చెయ్యి ఊరుకోలేదు. పిల్ల నోరు తెరిచేలోపే స్కార్ఫు ఊడి ఆవిడ చేతిలోకి వచ్చేసింది.

"ఏ రంగు పులుముకున్నావే, చూపించు!"

కుర్చీల్లో ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు. తీరా చూస్తే జుట్టు ఎప్పటిలాగే నల్లగా నిగనిగలాడుతోంది. పిల్ల మొహంలోనే నెత్తురుచుక్క లేదు.

"రంగు కాదమ్మా," అంది మెల్లగా. "ఇకనుంచి బయటికి వెళ్తే తల కప్పుకుందామనుకున్నాను. ఆ మాట చెబుదామనే వచ్చాను."

తల్లి చేతిలోంచి స్కార్ఫు తీసుకుని, అద్దాల తలుపు దాటేలోపే గబగబా చుట్టుకుని వెళ్ళిపోయింది.

ఏ మతమని నన్నడక్కండి. తల కప్పుకోమనే మతాలు లోకంలో ఒకటా రెండా? ఫలానాదని చెబితే మీకు వెంటనే ఏదో ఒక అభిప్రాయం వచ్చేస్తుంది, ఇక తల్లీకూతుళ్ళను వదిలేసి దాని గురించి వాదించుకుంటారు. కళ్ళజోళ్ళ షాపులో తనతోపాటు పనిచేసే స్నేహితురాలి వెంట ప్రార్థనకు వెళ్తూ వెళ్తూ, ఆ పిల్ల మనసు అక్కడ కుదురుకుంది. మనకు ఇంతవరకూ తెలిస్తే చాలు.

దేవుడితో పార్లరమ్మకు తగువూ లేదు, చుట్టరికమూ లేదు. కూతురు ఎవరికి దణ్ణం పెట్టుకున్నా ఆవిడకు పట్టింపు ఉండేది కాదు. కానీ జుట్టు! భర్త పోయాక ఇల్లు నడిచింది జుట్టు మీద. పిల్లను చదివించింది జుట్టు మీద. పుట్టినప్పటినుంచి ఆ పిల్ల తల మీద మరొకరి కత్తెర పడింది లేదు. ఇప్పుడా పిల్లే దాన్ని గుడ్డకింద పెట్టేస్తే, ఇన్నాళ్ళూ అమ్మ చేసిన పనికి అర్థమేమిటి? ఈ మాట ఆవిడ పైకి అనలేదు. లోపల మాత్రం రోజూ నమిలేది.

క్షమించమని అడగడానికీ నోరు రాలేదు. పిల్లా ఆ ఊసెత్తలేదు. పార్లర్ వెనక రెండు గదుల్లోనే వాళ్ళ కాపురం. అంత ఇరుకింట్లో కూడా "తిన్నావా", "తాళం తీసుకెళ్ళు" తప్ప మాటల్లేవు. అంతకుముందు నెలకోసారి, గిరాకీ లేని సాయంత్రం చూసి, పిల్ల తనంతట తనే వచ్చి కుర్చీలో కూర్చునేది. కొసలు కత్తిరించుకుంటూ షాపు కబుర్లన్నీ ఒలకబోసేది. ఇప్పుడు ఆ కుర్చీ వైపే రావడం లేదు. ఇక ఆ తల తన చేతికింద ఎప్పటికీ వంగదేమోనని పార్లరమ్మకు భయం పట్టుకుంది. ఎవరితో చెప్పుకుంటుంది? అడిగినవాళ్ళకు "దానికి కొత్త షోకులెండి" అని నవ్వి తప్పించుకునేది.

ఆవిడ గురించి ఇంకో సంగతి ఉంది. ఆవిడ తల మీద అలలు అలలుగా ఉండే ఆ ఒత్తయిన జుట్టు ఆవిడది కాదు. ఎప్పుడో వచ్చిన విషజ్వరానికి ఉన్న జుట్టంతా గుప్పెళ్ళుగా ఊడింది, తిరిగి సరిగ్గా రాలేదు. జుట్టు లేని పార్లరమ్మ దగ్గరికి ఎవరొస్తారు? అందుకని విగ్గు పెట్టుకుంది. ఆ సంగతి కూతురికి తప్ప నరమానవుడికి తెలియదు. ప్రతి ఆదివారం దాన్ని గోరువెచ్చని నీళ్ళలో ఉతికి, వెడల్పు పళ్ళ దువ్వెనతో చిక్కులు తీసి, ఆరాక అలలు సర్ది, స్టాండు మీద పెట్టే పని కూతురిదే. మాటలు బందయిన తర్వాత కూడా సోమవారం పొద్దునకల్లా విగ్గు సిద్ధంగా ఉండేది. కుళాయి తిప్పితే నీళ్ళొచ్చినంత మామూలుగా పార్లరమ్మ దాన్ని తీసి నెత్తిన పెట్టుకునేది.

అలాంటి ఒక సోమవారమే బ్యాంకావిడ వచ్చింది. మనిషి మంచిదే, నోరే ఊరుకోదు. పార్లరమ్మ ఆవిడ తలకు పాయ పాయ తీసి బ్రష్షుతో రంగు పట్టిస్తోంది. పక్క కుర్చీలో ఇంకొకావిడ మొహానికి పూత పూయించుకుని కళ్ళు మూసుకుని ఉంది.

"నిన్న మీ అమ్మాయిని చూశానమ్మా," అని మొదలుపెట్టింది బ్యాంకావిడ. "ఇంకా ఆ గుడ్డ వదల్లేదా? దేవుడు మన జుట్టు చూసి దడుచుకుంటాడా ఏంటి? భక్తి ఉంటే మనసులో ఉండాలి గానీ."

"దాని ఇష్టం లెండి," అంది పార్లరమ్మ పొడిగా.

"నువ్వలా మెత్తగా ఉంటే ఎలా? నీ జుట్టు చూడు, ఈ వయసులోనూ ఎంత ఒత్తుగా ఉందో! నువ్వేమైనా దాచుకుని తిరుగుతున్నావా? అమ్మను చూసి నేర్చుకోమని చెప్పు."

బ్రష్షు గాల్లోనే ఆగిపోయింది.

పార్లరమ్మ అద్దంలోకి చూసింది. తన నెత్తిన అలలు ఒక్కటి కూడా చెదరకుండా ఉన్నాయి. నిన్న మధ్యాహ్నం కిటికీ దగ్గర కూర్చుని పిల్ల ఒక్కొక్కటే సర్దిన అలలు. స్కార్ఫు లాగేసిన రోజున కూడా ఇదే బ్యాంకావిడ ఇదే కుర్చీలో ఉంది. ఆ రోజు పిల్ల ఒక్క మాట అంటే సరిపోయేది. "మరి నీ నెత్తిమీదున్నదేంటమ్మా?" అంటే చాలు, అమ్మ పరువు అక్కడికక్కడే గంగలో కలిసేది. అనలేదు. ఇంటికెళ్ళాక, నలుగురూ లేని చోట కూడా అనలేదు. పైగా అమ్మ చేత తల కొట్టేసినంత పనైన ఆ వారం కూడా కూర్చుని విగ్గు ఉతికింది.

ఎలాంటి పిల్లను కన్నాను నేను, అనుకుంది పార్లరమ్మ. ఇన్నాళ్ళూ గుడ్డ వైపు చూసిందే తప్ప, దాని కింద ఉన్న పిల్లను చూడనేలేదు.

"ఇది నా జుట్టు కాదండీ," అంది.

"ఏంటీ?"

"విగ్గు. వారం వారం మా అమ్మాయే ఉతికి, దువ్వి పెడుతుంది." అని, చేతి తొడుగులు విప్పి, రెండు చేతులా విగ్గు ఎత్తి బల్ల మీద పెట్టింది. "దాచుకున్నది నేనండీ. మా పిల్ల చెప్పి మరీ కప్పుకుంది."

మొహానికి పూత పూసుకున్నావిడ కళ్ళు తెరిచింది. బ్యాంకావిడకు పారిపోవడానికీ లేదు, సగం తల నల్లగా, సగం తల తెల్లగా ఉంది మరి. గొంతు తగ్గించి అంది.

"నా పై వరస పళ్ళు కట్టుడువమ్మా. మా ఆయనకు తప్ప ఎవరికీ తెలీదు."

ముగ్గురూ విరగబడి నవ్వారు. పూత పగిలి రెండో ఆవిడకు మళ్ళీ మొదటినుంచి పూయాల్సి వచ్చింది.

ఆ రోజు పార్లరమ్మ విగ్గు మళ్ళీ పెట్టుకోలేదు. గిరాకీ తగ్గగానే నిచ్చెన వేసుకుని, బయటికి కనబడే అద్దాల గోడకు తీగ కట్టి, ఒక మందపాటి దుప్పటిని పరదాలా వేలాడదీసింది. కావాలంటే మూసుకోవచ్చు, వద్దంటే తీసేయొచ్చు.

సాయంత్రం కూతురు వచ్చింది. పరదా పక్కకు తీసే ఉంది. లోపల దీపాల వెలుగులో, బోడి నెత్తిమీద నాలుగు వెంట్రుకలతో, నేల ఊడుస్తూ అమ్మ.

"అయ్యో, అమ్మా! విగ్గేదీ? ఎవరైనా చూస్తారు!" అంటూ పిల్ల ఒక్క ఉరుకున వచ్చి ఆ దుప్పటి ఈ కొసనుంచి ఆ కొసదాకా లాగి మూసేసింది. అది అక్కడికెలా వచ్చిందని కూడా అడగలేదు.

పార్లరమ్మ చీపురు గోడకు చేరేసింది. ఆ పరదా ఆవిడ కట్టింది కూతురి కోసం, దాని తల బయటివాళ్ళ కంట పడకుండా.

"చూడాల్సినవాళ్ళంతా చూశార్లేవే. నేనే తీసి చూపించాను." కూతురి దగ్గరికి వచ్చింది. "ఆ రోజు నీ స్కార్ఫు అలా లాగేశాను చూడు, తప్పైపోయింది తల్లీ. నువ్వు నా పరువు కాపాడావు. నేనేమో నీది తీసేశాను."

"రంగనుకున్నావుగా," అంది పిల్ల. "నువ్వు లాగినందుకు కాదమ్మా. ఎందుకు కప్పుకున్నావే అని తర్వాతైనా అడుగుతావని చూశాను."

"ఇప్పుడు అడుగుతున్నా. చెప్పు."

పిల్ల కుర్చీ అంచున కూర్చుంది. "పొద్దున్నే ఇది చుట్టుకునేటప్పుడు, నాకున్నవన్నీ తలుచుకుని దేవుడికి థాంక్స్ చెప్పుకుంటాను. పనిలో పడ్డాక అవన్నీ మర్చిపోతాం కదా. తల మీద ఇది ఉంటే గుర్తుంటుంది. అంతేనమ్మా."

"నాకింకా తలకెక్కలేదనుకో," అంది పార్లరమ్మ నిజాయితీగా. "ఆ ఉన్నవాటిలో నేనున్నానా?"

"లేకుండా ఎలా? గుడ్డ లాగిన రోజు కూడా ఉన్నావు. కాస్త వెనక వరసలోకి వెళ్ళావంతే."

పార్లరమ్మ నవ్వబోయి ఏడ్చింది, ఏడవబోయి నవ్వింది. తర్వాత చేతులు కడుక్కుని, కుర్చీ వెనక్కి వచ్చి నిలబడింది. చెయ్యి అలవాటుగా స్కార్ఫు దాకా వెళ్ళింది, కానీ ముట్టుకోకుండా ఆగింది.

"తీయనా?"

పిల్ల అద్దంలో అమ్మ వైపు చూసి, తల వంచింది. "నువ్వే తియ్యి."

పార్లరమ్మ పిన్నులు ఒక్కొక్కటే తీసి, స్కార్ఫు మడతపెట్టి విగ్గు పక్కనే బల్ల మీద పెట్టింది. జుట్టు విప్పి చూసి బిత్తరపోయింది.

"ఎవరే కోసిందీ కొసలు? ఎలక కొరికినట్టున్నాయి!"

"నేనే కోసుకున్నాను. ఇంకొకళ్ళ దగ్గరికి వెళ్ళబుద్ధి కాలేదు."

ఆవిడ కత్తెర పట్టుకుందే గానీ, కళ్ళనిండా నీళ్ళు, కొసలు కనిపిస్తేగా! కొంగుతో తుడుచుకుని, దువ్వెన నీళ్ళలో ముంచి, మొదటి పాయ తీసింది.

"రేపు పొద్దున థాంక్స్ చెప్పుకునేటప్పుడు నా తరఫున కూడా ఒకటి చెప్పు," అంది.

"ఏమని చెప్పనమ్మా?"

"నా కూతురు మళ్ళీ కుర్చీలో కూర్చుందని చెప్పు."