గుండీ బెంగ

గుండీ తిండి మానేసి ఆ రోజుకి నాలుగు రోజులు. గుండీ అంటే చొక్కాకి కుట్టేది కాదు, పిల్లి. బూడిదరంగు ఒళ్ళు, నుదుటి మీద గుండ్రంగా తెల్లమచ్చ. ఆ మచ్చ చూసి పెద్దక్క పెట్టిన పేరది. దర్జీల ఇంట్లో పిల్లికి ఇంతకంటే మంచి పేరు ఎక్కణ్ణుంచి వస్తుంది లెండి.

ఆ ఇంట్లో ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఉండేవారు. ముందుగది కొట్టు, వెనకగది కాపురం. వీధి మొత్తానికి వాళ్ళు పెద్దక్క, చిన్నక్క. అరవై నాలుగేళ్ళు వచ్చినా చిన్నక్క చిన్నక్కే. మిషను పని ఆవిడది. కాజాలు, అంచులు, కాలర్లు, చేత్తో కుట్టేదేదైనా పెద్దక్కది. నలభై ఏళ్ళు ఎదురూబొదురూ కూర్చుని పని చేశారు, రోజుకి నాలుగుసార్లు పోట్లాడుకున్నారు, ఒక్కసారి కూడా విడిగా తినలేదు. ఐదు వారాల కిందట పెద్దక్క ఒక కోటు అంచు కుడుతూ కుడుతూ, "కళ్ళు తిరుగుతున్నాయే, కాసిని మంచినీళ్ళు తాగొస్తా" అని లేచింది. కుండ దాకా వెళ్ళలేదు.

చిన్నక్క ఏడవలేదు. వీధిలో నలుగురూ చెవులు కొరుక్కున్నారు. గుండె కాదు అది, రాయి అన్నారు. ఏడుపు రాకపోతే మనిషేం చేస్తుంది, బజారుకెళ్ళి కొనుక్కొస్తుందా? మూడోనాడే కొట్టు తెరిచింది. యూనిఫారాలు కుట్టింది, పంట్లాములు పొట్టి చేసింది, కొలతలు తప్పు చెప్పినవాళ్ళని ఎప్పటిలాగే చీవాట్లు పెట్టింది. ఒక్క ఆ కోటు జోలికి మాత్రం పోలేదు. పెద్దక్క వదిలింది వదిలినట్టు, సూది గుచ్చి ఉన్నది ఉన్నట్టు మడిచి, ఆవిడ కుర్చీలో పెట్టింది. రెండోరోజుకల్లా గుండీ ఎక్కి దాని మీద పడుకుంది. చిన్నక్క అదిలించలేదు. ఆ కోటు మీద హక్కు తన తరవాత ఉంటే దానికే ఉంది మరి.

కోటు రైలు గార్డుగారిది. కొత్త నల్లకోటు. ఆయన వారానికోసారి వచ్చి గుమ్మంలో నిలబడి, "తొందరేం లేదు చిన్నక్కా, వీలైనప్పుడే" అనేవారు. "వచ్చేవారం ఇస్తానండీ" అనేది చిన్నక్క. ఆయన కుర్చీ వంక చూసేవారు, పిల్లి వంక చూసేవారు, వెళ్ళిపోయేవారు. మంచివాళ్ళతో వచ్చిన చిక్కే అది, గట్టిగా అడగరు.

ఇక సోమవారం నుంచి గుండీ ముద్ద ముట్టలేదు. పాలు పోస్తే గిన్నె దగ్గరికొచ్చి, వాసన చూసి, పెదాలు నాక్కుని, వెనక్కి వెళ్ళిపోయింది. చేప ఉడకబెట్టి ముళ్ళు తీసి పెడితే మూతి ఆనించి తల విదిలించింది. ముందుకాలితో మూతి తుడుచుకుంది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ వెళ్ళిపోయింది. మంగళవారం గుడ్డు, బుధవారం కోడి కార్జం. దేనికీ లొంగలేదు. గడ్డం కింద బొచ్చు చొంగతో తడిసి ఉండేది.

చిన్నక్క గిన్నె ముందు చతికిలబడి కూర్చుంది. "నాకు తెలుసే," అంది దానితో. "నీకు అక్క చేత్తో పెడితేనే గాని దిగదు. నేను పెడితే విషంలా ఉంది కదూ. నాకూ దిగట్లేదే తల్లీ." గుండీ ఆవిడ కళ్ళలోకి చూసింది. ఆ చూపు చూసి చిన్నక్కకి, నిజం చెప్పొద్దూ, కొంచెం హాయిగా కూడా అనిపించింది. ఐదు వారాలుగా ఆ ఇంట్లో పెద్దక్క లేదన్న సంగతి తనొక్కదానికే తెలిసినట్టుండేది. వీధి మర్చిపోయింది. బేరాలు మర్చిపోయాయి. ఇప్పుడు ఇంకొక ప్రాణి కూడా తెలుసుకుంది. తనకి రాని ఏడుపు పిల్లి తన బదులు ఏడుస్తోంది. రోజూ పొద్దున్నే లేచి గిన్నె నిండుగా ఉండటం చూసి భయపడేది, ఆ భయం వెనకాలే ఒక చల్లదనం ఉండేది. ఎవరితోనైనా చెప్పుకునే మాట కాదిది.

కానీ పిల్లి పోతే? ఆ ఆలోచన రాగానే చల్లదనం కాస్తా ఎగిరిపోయింది. గురువారం దాన్ని బుట్టలో పెట్టి, పైన దుప్పటి కప్పి, రెండు వీధులవతల ఉన్న పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది.

డాక్టరమ్మ చిన్నపిల్ల, ముప్పై కూడా ఉండవు. పొట్ట నొక్కి చూసింది, జ్వరం చూసింది. నోరు తెరవబోతే గుండీ గీరి, చేతిలోంచి జారి బల్ల కిందికి దూరింది. నాలుగు రోజులు తిండి లేకపోయినా గోళ్ళకి మాత్రం ఏ లోటూ లేదు.

"వాంతులవుతున్నాయా?" అడిగింది డాక్టరమ్మ.

"నిన్న ఒకసారి. నురగ."

"ఇంట్లో ఏదైనా మింగే అవకాశముందా అమ్మా? దారం, రబ్బరుబ్యాండు, అట్లాంటివి?"

అదిగో, అక్కడ జరిగింది అసలు తప్పు. దారం అనగానే చిన్నక్కకి ఎక్కడో తగిలింది. పసిపిల్లలు వచ్చే కొట్టు అది, పిన్ను కింద పడితే పని ఆపి వెతికేవాళ్ళు ఇద్దరూ. సూదిలో దారం ఉంచి లేవడమన్నది పెద్దక్క నలభై ఏళ్ళలో ఎరగదు. తెగిన కొసలు కూడా ఏరి రేకుడబ్బాలో వేసేది.

"మేము దర్జీలమమ్మా. మా ఇంట్లో దారం ముక్క నేల మీద పడదు," అంది, పెళ్ళిచూపుల్లో వంశం గురించి అడిగితే చెప్పినట్టు. "మా అక్క పోయింది. పిల్లి దానిది. బెంగ పెట్టుకుంది, అంతే."

డాక్టరమ్మ ఇంకో మాట అనబోయి ఊరుకుంది. పెద్దావిడ, అక్క పోయిన మనిషి, ఇంకేం అంటుంది? ఆకలి పుట్టడానికి ఒక సూదిమందు వేసి, "ఎల్లుండికీ తినకపోతే ఆలస్యం చెయ్యకండి" అంది.

శుక్రవారం గుండీ లేవలేదు. చిన్నక్క కొట్టు మూసి దాని పక్కనే చాప పరుచుకుని కూర్చుంది. చెంచాతో నీళ్ళు పోస్తే పక్కనుంచి కారిపోయాయి. "పోతే పోదాంలేవే, ఇద్దరం కలిసే పోదాం. ఇక్కడ మనకేం పని?" అంది. ఇట్లాంటి మాటలు మనిషితో అంటే నోరు మూయిస్తారు. పిల్లి ఎందుకు మూయిస్తుంది?

శనివారం పొద్దున గార్డుగారు వచ్చారు. ఈసారి పాపం నీళ్ళు నములుతూ చెప్పారు. "చిన్నక్కా, మరేం అనుకోకండి. బుధవారంతో నా ఉద్యోగం ఆఖరు. ఆఖరి బండికి ఆ కోటు వేసుకుందామని... పెద్దక్కే చెప్పింది, నాలుగు కుట్లు వేస్తే అయిపోతుందని."

ఆయన వెళ్ళాక చిన్నక్క కుర్చీ దగ్గరికి వెళ్ళింది. పిల్లిని ఎత్తి చాప మీద పడుకోబెట్టింది. బరువు లేదు. కోటు తీసి ఒళ్ళో పరిచి, ఐదు వారాల్లో మొదటిసారి అక్క కుట్టు మీద చెయ్యి వేసింది. కుట్లు బియ్యపుగింజంత, అన్నీ ఒకే వాలులో. చివర సూది గుచ్చి ఉంది.

సూది ఖాళీగా ఉంది.

చిన్నక్క కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. చివరిసారి దారం మార్చిన ముడి నుంచి లెక్కపెట్టింది. కొత్త దారంతో పడినవి ఏడే ఏడు కుట్లు. పెద్దక్క ఎప్పుడూ మూరెడు దారం తెంపేది. ఎక్కువైతే చిక్కుపడుతుందని, తక్కువైతే దండగని. మైనం రుద్ది మరీ ఎక్కించేది. ఏడు కుట్లకి ఎంత పడుతుంది, నాలుగు వేళ్ళు. మిగతాది ఏది? కుట్టు దగ్గర దారం కొస తెగి, నమిలినట్టు పీచుపీచుగా ఉంది. కోటు దులిపింది. కుర్చీ దులిపింది. కుర్చీ కింద పాకింది. ఎక్కడా లేదు. చాప మీద పిల్లి నాలుక చప్పరించింది. తడిమూతి, కాలితో తుడుచుకోవడం, గిన్నె దాకా వచ్చి వెళ్ళిపోవడం, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి.

పెద్దక్క ఆ ఒక్కనాడే సూదిలో దారం ఉంచి లేచింది. లేచింది మళ్ళీ వచ్చి కూర్చుందామనే. దాన్ని తీసి పక్కన పెట్టాల్సింది చెల్లెలు. తీయలేకపోయింది. తీస్తే పెద్దక్క పని అయిపోయినట్టే కదా.

బుట్ట కూడా వెతకలేదు. పిల్లిని ఆ కోటులోనే చుట్టుకుని పరుగెత్తింది. అరవై నాలుగేళ్ళ మనిషి చెప్పులు లేకుండా రెండు వీధులు పరుగెత్తితే చూసినవాళ్ళు ఏమనుకుంటారో అనుకోనీ.

"నేను తప్పు చెప్పానమ్మా," అంది, గుమ్మంలోంచే. "దారం ఉంది. మూరెడులో నాలుగు వేళ్ళు పోను మిగతాదంతా దీని కడుపులో ఉంది. నల్లది, మైనం రుద్దింది. నేనే ఉంచాను."

డాక్టరమ్మ ఈసారి మత్తిచ్చి నోరు తెరిచింది. నాలుక ఎత్తి చూపించింది. కింద మొదట్లో దారం చుట్టుకుని, మాంసంలోకి దిగిపోయి ఉంది. రెండో కొస గొంతులోకి, కడుపులోకి వెళ్ళింది. "లాగకూడదు, లాగితే పేగు తెగుతుంది. కొయ్యాలి," అంది. "ఆలస్యమైంది. మాట ఇవ్వలేను."

చిన్నక్క బయట బల్ల మీద రెండు గంటలు కూర్చుంది. ఒళ్ళో కోటు. దేవుళ్ళకి మొక్కలేదు, మొహం చెల్లలేదు. తనకి తోడు కావాలని, అది తనలాగే కుమిలిపోవాలని కోరుకుని, గిన్నె నిండుగా ఉంటే లోలోపల చల్లబడిన మనిషి ఏ మొహంతో మొక్కుతుంది? తను జాలిపడి మాట్లాడిన మాటలన్నీ గుర్తొచ్చాయి. ప్రతి మాటకీ తలకాయ తీసేసినట్టయింది.

తలుపు తీసుకుని డాక్టరమ్మ వచ్చింది. "బతుకుతుంది," అంది.

"అది బెంగ పెట్టుకుందనుకున్నానమ్మా."

"బెంగ కాదమ్మా, ఆకలి. ఇన్నాళ్ళూ దానికి తినాలనే ఉంది. మింగలేకపోయింది, అంతే."

చిన్నక్క ఆ మాటకి తల ఊపింది, అర్థం కానివాళ్ళు ఊపినట్టు.

మంగళవారం గుండీ ఇంటికొచ్చింది. పొట్ట మీద కుట్లు ఉన్నాయి. చిన్నక్క వంగి ఆ కుట్లు చూసి, డాక్టరమ్మ చెయ్యి మంచిదే అనుకుంది. చేప పెట్టింది. డాక్టరమ్మ కొంచెం కొంచెం పెట్టమన్నది గనక సరిపోయింది, లేకపోతే పళ్ళెం కూడా మింగేసేదే. తిన్నాక మూతి తుడుచుకుంది. పెద్దక్క కుర్చీ ముందు నుంచే నడిచి వెళ్ళింది, అటు తల కూడా తిప్పలేదు. ఎండ పడుతున్న మూల చూసుకుని, నిమ్మకు నీరెత్తినట్టు పడుకుని నిద్రపోయింది. పిల్లికేం తెలుసు, దాని తప్పేముంది?

ఆ సాయంత్రం చిన్నక్క కోటు తీసుకుని కూర్చుంది. మిగిలిన అంచు కుట్టింది. చేతికుట్టు ఆవిడకి చాతకాదు, అక్క ఎన్నిసార్లు వెక్కిరించిందో. కుట్లు వంకరపోయాయి. విప్పి మళ్ళీ కుట్టింది. ముడి వేసి, దారం తెంపి, ఇస్త్రీ చేస్తుండగా గార్డుగారు వచ్చారు. కోటు తొడుక్కుని చేతులు చాపి చూసుకున్నారు. మూల పడుకున్న పిల్లి కనపడింది ఆయనకి. అది తిండి మానేసిన సంగతి వీధంతా తెలిసిందే.

"తింటోందా? పోన్లెండి. బెంగ తీరిందన్నమాట."

"దానికి బెంగేం లేదండీ," అంది చిన్నక్క. "అసలు లేదు. ఎప్పుడూ లేదు. ఈ ఇంట్లో బెంగ పెట్టుకున్నదాన్ని నేనొక్కదాన్నే." ఐదు వారాలుగా రాని ఏడుపు, ఇస్త్రీపెట్టె చేతిలో ఉండగా, బేరం ఎదురుగా ఉండగా వచ్చింది. మొహం దాచుకోవడానికి కూడా చెయ్యి ఖాళీ లేదు.

గార్డుగారు ముందు ఆవిడ చేతిలో ఇస్త్రీపెట్టె తీసి పక్కన పెట్టారు. జేబులోంచి వాచీ తీసి చూసుకున్నారు, అది ఆయనకి అలవాటు. ఆ తరవాత కొత్తకోటు విప్పి, జాగ్రత్తగా మడిచి బల్ల మీద పెట్టి, పెద్దక్క కుర్చీలో కూర్చున్నారు.

"ఇవాళ నాకు బండి లేదు, చిన్నక్కా," అన్నారు. "చెప్పండి."