ముప్పయ్యో గడి

నేను అమ్మ జడ విప్పి దువ్వుతుంటే నాన్న వచ్చి అన్నాడు. "పరీక్షలయ్యాక నువ్వింక బడికి వెళ్ళక్కర్లేదు. మీ అమ్మనడిగాను. సరేనంది."

అమ్మకు కాళ్ళూ చేతులూ నోరూ పడిపోయి మూడేళ్ళు. రెప్ప ఒకసారి వేస్తే సరే, రెండుసార్లు వేస్తే కాదు. రెండోసారి వేసేదాకా ఆగే ఓపిక మా ఇంట్లో ఎవరికీ లేదు. నాకూ లేదు. బడికి ఆలస్యమవుతుందని మొదటి రెప్పకే దుప్పటి కప్పేసి పరుగెత్తిన రోజులు ఎన్నో.

ఆ వారమే ఆసుపత్రి నుంచి ఇంజనీరమ్మ మిషను తెచ్చింది. తీగలున్న టోపీ అమ్మ తలకు తొడిగి, తెర మీద ముప్పై గళ్ళు చూపించింది. గడికో మాట. గళ్ళు ఒక్కొక్కటే వెలుగుతుంటాయి. కావలసిన మాట వెలగగానే అమ్మ మెదడు లోపల ఉలిక్కిపడుతుంది. దాన్ని పట్టుకుని మిషను ఆ మాట పైకి అంటుంది. ఏ మాటలు కావాలో మమ్మల్నే రాసివ్వమంది. నా చేతిరాత బాగుంటుందని కాగితం నాకిచ్చారు.

నాన్న, నానమ్మ చెబుతుంటే రాశాను. నీళ్ళు. మందు. నొప్పి. పక్కకు తిప్పు. ఫ్యాను. సరే. వచ్చినవాళ్ళు వింటే బాగుంటుందని 'మీ దయ' కూడా పెట్టించింది నానమ్మ. ఇరవై తొమ్మిది అయ్యాయి.

"వద్దు అని ఒకటి రాయనా?" నా గొంతు నాకే సరిగ్గా వినపడలేదు.

నానమ్మ నవ్వింది. "ఒంట్లో బాగున్న రోజుల్లోనే మీ అమ్మ ఆ మాట అనలేదు. ఇప్పుడెందుకే, మిషనుకు బరువు."

నిజమే. తన కుట్టుమిషను అమ్మేసిన రోజు కూడా అమ్మ అనలేదు. అది ఉన్నచోట కూర్చుని దారప్పోగులు ఏరుకుంటూ ఉండిపోయింది. ఇప్పుడు తన కళ్ళు నా పెన్ను మీదే ఉన్నాయి. కాగితం ఇచ్చే ముందు చివర ఆ మాట రాసేశాను.

అమ్మకు మిషను అలవాటు కావడానికి నెల పట్టింది. నిన్న సాయంత్రం మేనత్త వస్తే నాన్న ముచ్చటగా చూపించాడు. "ఎంత బాగా మాట్లాడుతుందో చూడక్కా." అమ్మ వైపు తిరిగాడు. "అమ్మాయి బడి మానేసి నీ దగ్గరే ఉంటుంది. సరేనా?"

గళ్ళు వెలగసాగాయి. 'సరే' దగ్గర నాన్న ముందే తలూపాడు. వెలుగు దాన్ని దాటిపోయింది.

"వద్దు," అంది మిషను.

"తప్పు పలికింది," అని నాన్న మళ్ళీ అడిగాడు. ఈసారి అందరూ చివరిదాకా ఆగాల్సి వచ్చింది.

"వద్దు."

"ఆ మాట ఎవరు పెట్టారు?" అంది నానమ్మ.

"నేనే," అన్నాను. గదిలో అందరికీ వినపడింది.

ఈ పొద్దున అమ్మను కిటికీ వైపు తిప్పి, టోపీ సరిచేసి, పుస్తకాల సంచి భుజానికి తగిలించుకున్నాను. నానమ్మ టీవీ పెద్దగా పెట్టుకుంటుంది. నేను తిరిగొచ్చేదాకా ఈ మిషను ఏమన్నా వినేవాళ్ళుండరు. అది నాకు తెలుసు. అమ్మకు ఇంకా బాగా తెలుసు.

"ఉండిపోనా అమ్మా?"

బడి గంట మోగుతూనే ఉంది. ముప్పయ్యో గడి వెలిగేదాకా నేను గుమ్మంలోనే నిలబడ్డాను.