చీమ దూరని షెడ్డు

బట్టలు కుట్టి ఇల్లు నడిపే ఆమెను వీధిలో అందరూ దర్జీ అక్క అనేవారు. ఆ చలి ఉదయం పెరట్లోని కోళ్ల షెడ్డు తలుపు తీయగానే ఘాటు వాసన ఆమె ముక్కు అదిరేలా కొట్టింది. లోపలికి వంగితే పైరేకు నుంచి చన్నీటి చుక్క టప్పున మెడ మీద పడింది. నిన్ననే పరిచిన రంపపు పొట్టు చెప్పులకు ముద్దలుగా అంటుకుంది. ముప్పై కోళ్లలో నాలుగైదు తుమ్ముతున్నాయి. రెండింటి తల మీది ఎర్ర తురాయి కొసలు నల్లబడ్డాయి. గుడ్లు మూడంటే మూడే దొరికాయి.

ఇదంతా మామగారి నిర్వాకం. చలి ముదిరిన వారమే ఆయన ప్లాస్టిక్ పట్టాలు, గోనెలు, మేకులు తెచ్చి కనబడిన సందునల్లా మూసేశారు. "చీమ దూరే సందు లేదమ్మాయ్!" అని మీసం దువ్వుకున్నారు.

ఆమె రెండుసార్లు పొట్టు మార్చింది. పెద్ద బల్బు వేలాడదీసింది. వెచ్చదనం మాట దేవుడెరుగు, పైనుంచి చుక్కలు ఎక్కువయ్యాయి. చివరికి పశువుల డాక్టరమ్మను పిలిచింది. ఆవిడ తల లోపల పెట్టి, వెంటనే బయటికి తీసింది.

"కోళ్లకి ఈకల దుప్పటి ఉంది, అక్కా. చలికి ఓర్చుకుంటాయి, తడికి ఓర్చుకోలేవు. వాటి ఊపిరిలో తేమ, రెట్టల్లో తేమ అంతా లోపలే తిరుగుతోంది. పైన రేకు కింద రెండు వైపులా సందు వదలండి. కోళ్ల ఒంటికి మాత్రం గాలి కొట్టకూడదు."

ఆ సాయంత్రమే ఆమె నిచ్చెనెక్కి పై పట్టాలు పీకేసింది. తెల్లారేసరికి అక్కడ గోనెలు కుక్కి ఉన్నాయి. అవీ పీకేసింది. మర్నాడు మామగారి పాత రగ్గులు కనిపించాయి.

"మామయ్యా, మీకు దణ్ణం పెడతాను, ఆ సందులు ముయ్యకండి!"

"బయట నీళ్లు గడ్డకడుతుంటే నోరులేని జీవాల మీదికి గాలి వదలమంటావా?"

"డాక్టరమ్మ చెప్పింది."

"ఆవిడకేం, చెప్పి పోతుంది."

గోడకి చెప్పుకున్నా నయమనిపించింది. ఒళ్లు మండి ఆయన చెయ్యి పట్టుకుని షెడ్డులోకి లాక్కెళ్లి తలుపు మూసింది. "ఈ కంపులో అయిదు నిమిషాలు ఉండగలరా మీరు?"

ఆ ఘాటుకి ఆయన కళ్లు ధారగా కారుతున్నాయి. ముఖం మాత్రం చిట్లించలేదు. "ఏం కంపు?"

వెటకారం అనుకుని ఏదో అనబోయి, ఆయన ముఖం చూసి ఆగింది.

"నాకు తెలీదమ్మాయ్," అన్నారు నేలచూపులు చూస్తూ. "రెండేళ్ల కిందట జ్వరమొచ్చింది చూడు, అప్పట్నుంచి ఏ వాసనా తెలీదు. పాలు మాడినా తెలీదు. చెబితే పొయ్యి దగ్గరికి కూడా రానివ్వవని చెప్పలేదు."

జాలేసింది. కోపం మాత్రం తగ్గలేదు. ఒక్క ముక్క ముందే చెప్పి ఉంటే ఇన్నాళ్లు గొంతు చించుకునే పని తప్పేది కదా! ఆయన అరచేతిని పట్టుకుని పైరేకుకు అదిమింది. మణికట్టు దాకా నీళ్లు కారాయి. ఆయన కళ్లద్దాలు అప్పటికే మసకబారిపోయాయి.

"ఇది వాన కాదు మామయ్యా, కోళ్ల ఊపిరి."

ఆయన తడి వేళ్లను చాలాసేపు రుద్దుకున్నారు. "రాత్రంతా ఈ తడిలోనేనా ఇవి?"

"ఆఁ. అందుకే పైన రేకు కింద గాలి ఆడాలి."

వెంటనే రంపం కోసం వెళ్లారు. హమ్మయ్య అనుకుని ఆమె కుట్టుషాపుకు బయల్దేరింది.

మధ్యాహ్నం తిరిగొచ్చి షెడ్డులోకి తొంగిచూసింది. కోళ్లు కూర్చునే కర్ర వెనకే, సరిగ్గా వాటి వీపు ఎత్తులో, కిటికీ అంత కన్నం! రివ్వున కొడుతున్న గాలికి కోళ్లన్నీ ఈకలు ఉబ్బించుకుని ఓ మూల నక్కాయి.

"పైన అన్నాను మామయ్యా, పైన!"

"గాలి కావాలన్నది నువ్వే కదా?"

ఆమె బోర్లించిన బకెట్ మీద కూలబడింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తర్వాత లేచి కన్నానికి అడ్డంగా చెక్క పలక పట్టుకుంది, ఆయన మేకులు కొట్టారు. ప్రతి మేకుకీ ఓ తగువు. పొద్దు వాలేసరికి కన్నం మూతపడింది. రేకు కింద రెండు వైపులా జానెడు సందు, దానికి ఇనుప వల అమరాయి.

వారం తిరిగేసరికి పొట్టు పొడిపొడిగా మారింది. తుమ్ములు ఆగాయి. గుడ్లు పదకొండుకు చేరాయి. ఆ రెండు కోళ్ల తురాయిలు మాత్రం నల్లగానే మిగిలాయి.

ఆ రోజు ఆమె గుడ్ల బుట్టతో బయటికి వస్తుంటే, మామగారు ప్రహరీ మీదుగా పక్కింటాయనకు చెబుతున్నారు: "చలి కాదయ్యా ముఖ్యం, తడి! మా కోడలికి ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కితేనా?"

ఆమె పళ్లు నూరుకుంటూ ఇంట్లోకి వెళ్లి, తలుపు ధడేల్న వేసింది.