గౌరమ్మ పిక్క కొలత

నేను ఒక కొలత టేపును. ఏదో కర్మాగారంలో పసుపు పట్టీ మీద అంకెలు అచ్చువేసి, కొసలకు రేకుముక్కలు బిగించి నన్ను లోకంలోకి పంపారు. బొబ్బిలిలో దర్జీ సూరిదేముడి మెడలో పదకొండేళ్లు వేలాడాను. అర అంగుళం తేడా వస్తే జాకెట్టు పాడైపోయిందని మనుషులు చేసే గొడవ చూసి నవ్వుకునేదాన్ని.

ఒకరోజు అతని భార్య గౌరమ్మ బస్సు దిగుతుంటే ఎడమ పిక్కలో ఏదో పటుక్కుమంది. మర్నాటికి కాలు ఎర్రగా వాచింది. ఆసుపత్రిలో డాక్టరు నొక్కి చూశాడు.

"నరంలో రక్తం గడ్డకట్టినట్టుంది. అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ప్రమాదం."

స్కానింగ్ డాక్టరు మూడు రోజులకుగాని రాడు. అందాకా ఆగడానికి భయపడి, రక్తం పలచబడే సూదిమందు మొదలుపెట్టారు.

వాపు కొలవడానికి నర్సు సుగుణకుమారికి టేపు దొరకలేదు. సూరిదేముడు మెడలోంచి నన్ను తీసి ఇచ్చాడు. పిక్క చుట్టూ పద్నాలుగు అంగుళాలు. మర్నాడు పొద్దున పదిహేను. మధ్యాహ్నానికి పదహారు దాటింది. నా కింద ఆ చర్మం రాయిలా ఉంది.

"సిస్టరమ్మా, నా పాదం నాకు తెలవట్నేదు. కాలు తీసేత్తారేటి?" గౌరమ్మ మంచం పట్టె పట్టుకుని ఏడ్చింది.

"ఏటీ కాదే" అన్నాడు సూరిదేముడు.

సుగుణకుమారి డాక్టరు దగ్గరికి పరుగెత్తి, నా మీద వేలు పెట్టి అంకెలు చూపించింది. "మందు పడుతున్నా ఇంతింత పెరుగుతోంది సార్. ఇది గడ్డ కాకపోతే?"

ఆయన ముఖం పాలిపోయింది. వెంటనే అంబులెన్సులో విజయనగరం పంపారు. నేను మళ్లీ సూరిదేముడి మెడలో చేరాను.

స్కానింగులో రక్తనాళాలు శుభ్రంగా ఉన్నాయి. గడ్డ లేనే లేదు. చీలింది పిక్క కండరం. లోపల కారుతున్న రక్తాన్ని ఆ సూదిమందే ఆగనివ్వలేదు. మందు ఆపి, పిక్కను నిలువునా కోసి బిగువు వదిలించారు. కాలు దక్కింది. వేళ్లు మాత్రం చలనం లేకుండా పడి ఉన్నాయి.

నాలుగు రోజులు సూరిదేముడు ఆ వేళ్లనే చూస్తూ కూర్చున్నాడు.

"కదిపినావా?"

"కదిపేననే అనుకున్నాను."

అతను తల పక్కకు తిప్పుకునేవాడు.

ఐదో రోజు పొద్దున బొటనవేలు కదిలింది. ఎంత కదిలిందో ఎవరూ కొలవలేదు.