పై వాటా తలుపు

ఇంటి ఓనరు కావాలంటే ముందు మొహం మార్చుకోవాలని వడ్రంగి మేస్త్రికి బావమరిది చెప్పాడు.

"నీ మొహం చూస్తే ఎవడైనా రెండోరోజే నెత్తికెక్కుతాడు బావా."

బావమరిది నాలుగు వాటాలు అద్దెకిచ్చినవాడు కాబట్టి, ఇంట్లో అతని మాట చెల్లుతుంది. రెండో తాళంచెవి నీ దగ్గరే ఉంచుకోమన్నాడు. ఏదో వంకన అప్పుడప్పుడు పైకెళ్లి చూసి రమ్మన్నాడు. లాయర్లకూ, రోగిష్టి ముసలాళ్లున్న వాళ్లకూ చచ్చినా ఇవ్వొద్దన్నాడు. వాళ్లు చేరడమే గాని కదలడం ఉండదట.

మేస్త్రి బుద్ధెరిగిన నాటినుంచీ అద్దె కొంపల్లోనే బతికాడు. ఒక ఓనరు చెప్పా పెట్టకుండా వంటింట్లోకొచ్చి గిన్నెల మీద మూతలెత్తి చూసేవాడు. ఇంకొకడు చీకటి పడగానే మెట్ల దగ్గరి బల్బు ఊడదీసుకుని పోయేవాడు. ఊళ్లో సగం గుమ్మాలు చెక్కిన చేతికి సొంత గోడలో ఒక్క మేకు దిగ్గొట్టే యోగం లేకపోయింది. కారే పంపు గురించి అడిగీ అడిగీ నోరు నొప్పెట్టిందే తప్ప ఒక్కడూ బాగు చేయించిన పాపాన పోలేదు. అందుకే ఇన్నాళ్లకు సొంత ఇల్లు కట్టుకుని, దాని మీద రెండు గదులు లేపుకున్నాక, మేస్త్రి మనసులో ఒకటే అనుకున్నాడు. తన వాటాలో ఉండేవాళ్లు నోరు తెరిచి అడిగేలోపే పని జరిగిపోవాలి.

బట్టలు కుట్టుకునే ఒకామె తండ్రిని వెంటబెట్టుకుని వచ్చింది. పెద్దాయన చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, తల నున్నగా దువ్వుకుని, పెళ్లిచూపులకు వచ్చినట్టు కూర్చున్నాడు. ఆరోగ్యం ఎలా ఉంటుందని మేస్త్రి భార్య అడిగితే, వయసుకు తగ్గట్టే ఉంటుందని కూతురు చెప్పింది. బావమరిది పక్కనుంచి మోచేత్తో పొడిచాడు. ఈలోగా పెద్దాయన లేచి, మేస్త్రి తన చేత్తో చేసిన తలుపు మీద అరచెయ్యి వేసి నిమిరాడు.

"మంచి కర్ర," అన్నాడు.

ఇక మేస్త్రి ఇంకెవరి మాటా వినలేదు.

వానలు పట్టాక ఆ మంచి కర్రే ఉబ్బింది. పైన తలుపు తీసినప్పుడల్లా అడుగు నేలకు రాసుకుని బర్రుమనేది. కింద కూర్చున్న మేస్త్రికి ఎవరో పళ్ల మీద ఆకురాయి పెట్టి రుద్దినట్టుండేది. ఆమె మాత్రం పన్నెత్తి ఒక్క మాట అనలేదు. తనూ ఒకప్పుడు అలాగే భయపడి అడగకుండా ఊరుకునేవాడు కదా అని అతని మనసు చివుక్కుమంది.

ఒకరోజు తండ్రీకూతుళ్లు ఆస్పత్రికి వెళ్లారు. మేస్త్రి రెండో తాళంచెవితో పై వాటా తీశాడు. తలుపు రెక్క ఊడదీసి, అడుగున చిత్రిక పట్టి, బందులకు నూనె పోసి మళ్లీ బిగించాడు. చిటికెన వేలితో తోస్తే చాలు, చప్పుడు లేకుండా తెరుచుకుంది. రాలిన చెక్కపొట్టు ఊడ్చి, తాళం వేసి దిగాడు. ఓనరంటే ఇలా ఉండాలిరా అని తనకు తనే చెప్పుకున్నాడు.

సందెవేళ ఆమె మెడలో కొలత టేపుతో, చెప్పుల్లేకుండా దిగొచ్చింది.

"నాన్నగారు ఇటుగా వచ్చారా అన్నయ్యగారూ?"

రాలేదు. అప్పుడు బయటపెట్టింది. ఆయనకు మతి నిలవదు, తోచినప్పుడు లేచి వెళ్లిపోతాడు. లోపల గడియ వేస్తే బంధించారంటూ తలుపు బాది ఏడుస్తాడు. ఈ తలుపు బర్రుమంటుంది కదా, కుట్టు మిషను మీదున్నా వినిపిస్తుందని ధైర్యంగా ఉండేది. ఇవాళ ఆస్పత్రి నుంచి ఆయన్ని పట్టుకుని వచ్చిన హడావిడిలో చప్పుడు పోయిన సంగతే గమనించలేదు.

"అది నేనే చేశానమ్మా. మీరు లేనప్పుడు," అన్నాడు మేస్త్రి.

ఆమె అలాగే వీధిలోకి పరుగెత్తింది. తిట్టినా బాగుండేది.

వీధులన్నీ గాలించాక, ఇంతకు ముందు ఎక్కడుండేవారని మేస్త్రి అడిగాడు. స్కూటరు మీద ఆమెను ఎక్కించుకుని అక్కడికి వెళ్లేసరికి, పెద్దాయన పాత ఇంటి మెట్టు మీద తడిసి కూర్చుని ఉన్నాడు. గేటు వెనక నుంచి ఆ ఇంటి ఓనరు విసుక్కుంటున్నాడు, ఖాళీ చేసిన ఇంటికి మళ్లీ ఎందుకొస్తారని.

పెద్దాయన కూతురికేసి చూశాడు. "తాళం మార్చేశారమ్మా. మనకు చెప్పకుండానే."

మేస్త్రి తల పక్కకు తిప్పుకున్నాడు. ఇల్లు మారిన కొత్తలో ఒకసారి తనూ పని దిగి, అలవాటు కొద్దీ పాత ఇంటికే వెళ్లి తాళంచెవి పెట్టి తిప్పిన సంగతి గుర్తొచ్చింది. లోపలినుంచి ఎవరో పరాయివాళ్లు దొంగ దొంగ అని అరిచారు. ఆ మాట భార్యకు కూడా ఎన్నడూ చెప్పలేదు.

ఇంటికొచ్చేసరికి బావమరిది సిద్ధంగా ఉన్నాడు. రోగం దాచిపెట్టి చేరారు కాబట్టి రేపే ఖాళీ చేయించమన్నాడు. రేపు ఏ లారీ కిందో పడితే పోలీసులు వచ్చేది నీ ఇంటికేనన్నాడు. అందులో అబద్ధం లేదు. మేస్త్రికీ కోపంగానే ఉంది.

"మొహం మీదే అబద్ధం చెప్పింది కదా," అన్నాడు భార్యతో.

"నిజం చెబితే ఇచ్చేవాడివా?"

అతను కంచం పక్కకు జరిపాడు. ఇచ్చేవాడు కాదు. మంచి కర్ర అన్నా ఇచ్చేవాడు కాదు.

మర్నాడు పనిముట్ల సంచీతో పైకెళ్లి, తను చేసిన తలుపును తనే తట్టి, బయట నిలబడ్డాడు. ఆమె తీసింది. వెనక గదిలో మూటలు కట్టి ఉన్నాయి. నెల్లాళ్లు గడువిస్తే ఎక్కడో చూసుకుంటామంది.

మేస్త్రి ముందు రెండో తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు. "లోపలికి రావచ్చా అమ్మా?"

తలుపు ఊడదీసి అడ్డంగా పడుకోబెట్టాడు. చిత్రిక పట్టిన అంచుకు సన్నని కర్రబద్ద ఆనించాడు. పని బాగుచెయ్యడమే గాని చెడగొట్టడం ఎరగని చెయ్యి, మొదటి మేకు దగ్గర కాసేపు ఆగింది. తర్వాత కొట్టేశాడు. పెద్దాయన వంగి తలుపును నిమిరి, మంచి కర్ర అన్నాడు మళ్లీ.

ఆమె మూటలు విప్పిందో లేదో మేస్త్రి అడగలేదు. కిందికొచ్చి పనిలో పడ్డాడు. కాసేపటికి పైన తలుపు బర్రుమంది. రంపం ఆపాడు. మిషను ఆగింది, ఎవరో గబగబా నడిచారు, "రండి నాన్నా" అన్న మాట వినిపించింది. తలుపు రెండోసారి బర్రుమని మూసుకున్నాకే అతను మళ్లీ రంపం ఆడించాడు.